గట్టు చుట్టూ ఒక్క రౌండు

తాడేపల్లిగూడెంలో మా మేనమామ తన లేత్ మిషన్ షాపు మూసేస్తున్నారని తెలిసి మొన్నొక ఆదివారం వెళ్లొచ్చాను. రోడ్డు వెడల్పు చేస్తున్నారట, షాపు ముందు భాగం పోతుందట. మిగిలిన దాంట్లో లేత్ పెట్టుకోవచ్చు గాని, పెట్టుకుని చేసేదెవరని ఆయన ప్రశ్న. నేను వెళ్లేసరికి షాపంతా బోసిపోయి ఉంది. గోడల నిండా నూనె మరకలు, నేల మీద ఇనప రజను, బల్ల మీద చల్లారిపోయిన టీ. మామయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. స్టూలెక్కి పై అరలోంచి ఒక అట్టపెట్టె దింపి నా ముందు పెట్టారు. దానికి వల తాడు చుట్టి ఉంది. ఆ ముడి చూడగానే అది మా నాన్న వేసిన ముడి అని తెలిసిపోయింది. "ఇది మీ ఇంటి వస్తువమ్మా. పాత ఇనప సామాన్ల వాడికి అన్నీ ఇచ్చేశాను గాని, దీన్నివ్వడానికి చేతులు రాలేదు. తీసుకెళ్లు. రిమోటు మాత్రం జాగ్రత్తగా పట్టుకో, ట్రిగ్గరు మహా మెత్తగా ఉంటది" అన్నారు. నేను తాడు విప్పలేదు. విప్పక్కర్లేదు కూడా. అట్టపెట్టె సందుల్లోంచి మాడిన ఆముదం వాసన వస్తోంది. నేనుండే వట్లూరు చేరేదాకా బస్సులో దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాను. పక్క సీటావిడ ముక్కు చిట్లించి రెండుసార్లు నా వంక చూసింది. చూడనీలే అనుకున్నాను.

అందులో ఉన్నది అన్నయ్య బండి. బండి అంటే మోటారు సైకిలు కాదు. చేతిలో రిమోటు పట్టుకుని దూరం నుంచి నడిపే చిన్న ట్రక్కు. ఒళ్లో పట్టేంత ఉంటుంది. దాని ఒంటికి మించిన పెద్ద పెద్ద చక్రాలు, ఒక్కో చక్రానికీ స్ప్రింగు, మధ్యలో నిమ్మకాయంత నిజం ఇంజను. బ్యాటరీతో తిరిగేది కాదు. నైట్రో అని ఒక గులాబి రంగు ఇంధనం పోసి, తాడు లాగి స్టార్ట్ చెయ్యాలి. దాన్ని ఎవరైనా బొమ్మ అంటే అన్నయ్య రాంబాబుకి అరికాలి మంట నెత్తికెక్కేది. "బొమ్మకి ఇంజనుంటదా? కార్బ్యురేటరుంటదా? తెలీకపోతే తెలీనట్టు ఊరుకోవే" అని నన్ను కసిరేవాడు. నాకంటే మూడు నాలుగేళ్లు పెద్దవాడంతే గాని, కుర్చీలో కూర్చుని ఇంటిల్లిపాదికీ పనులు పురమాయించేవాడు. నేను వాడికి 'దొరగారు' అని పేరు పెట్టాను. పిలిస్తే పలికేవాడు కూడా.

మాది కొల్లేటి లంక ఊళ్లలో ఒకటి. ఇంటి వసారా ఎదురుగానే చేపల చెరువు. చుట్టూ నల్ల రేగడి మట్టి గట్టు, అవతలి మూల నీళ్లు పెట్టే తూము, దాని వెనక కిక్కిస పొదలు. తెల్లారగానే అమ్మ తవుడు సంచులు దోనెలో వేసుకుని, గెడ వేసుకుంటూ వెళ్లి, నీళ్లలో పాతిన కర్రలకి ఒక్కొక్కటీ కట్టి వచ్చేది. సంచుల అడుగున చిల్లుల్లోంచి చేపలు మేత తినేవి. నానిన తవుడు వాసన మా బట్టలకీ జుట్టుకీ పట్టేసి ఉండేది. ఏలూరు బళ్లో నా పక్కన కూర్చునే పిల్లలు దాని గురించి ఏదో ఒకటి అంటూనే ఉండేవాళ్లు. నేను కూడా తక్కువేం తినలేదు, ఒకదాని జడ పీకి చేతిలో పెట్టాను. నాన్న పని ఆయిలింజన్లు. చెరువులకి నీళ్లు తోడే డీజిలు ఇంజను ఎక్కడ మొరాయించినా నాన్నకే కబురొచ్చేది. హ్యాండిలు తిప్పి, చెవి ఒగ్గి విని, గొట్టంలోంచి వచ్చే పొగ రంగు చూసి రోగం చెప్పేవారు. నల్ల పొగ కక్కుతున్న ఇంజను ఆయన కంటికి కనబడితే చాలు, అది ఎవరిదైనా సరే, విప్పి నాజిలు తుడిచి పొగ పోయేదాకా అక్కణ్నించి కదిలేవారు కాదు. "పొగంటే ఏంటమ్మా, మండాల్సింది మండకుండా గాల్లోకి పోతున్నట్టు. రైతు సొమ్ము" అనేవారు. నాన్న చెయ్యి పడిన ఇంజనుకి పొగ రాదని చుట్టుపక్కల ఊళ్లలో పేరు.

చిన్నప్పుడు అన్నయ్యకి ఆ గట్టే లోకం. అమ్మ దోనెలో వెళ్తుంటే వాడు గట్టు మీద పరిగెత్తుతూ, తూము దగ్గర ఆమె కంటే ముందు చేరి, చేతులు ఊపుతూ, మళ్లీ అటు నుంచి చుట్టి ఇంటికొచ్చేవాడట. నాకు గుర్తున్నది మాత్రం వాడు పడిపోవడం. మొదట గట్టు మీద, తర్వాత బడి మెట్ల మీద, ఆ తర్వాత ఇంట్లో గడప దగ్గర. విజయవాడలో పెద్ద డాక్టరు కండరాల జబ్బని చెప్పారు. కాళ్ల తర్వాత చేతులు, చేతుల తర్వాత ఊపిరి, దీనికి మందు లేదన్నారు. ఆ తర్వాత నాన్న ఇంట్లో మాట్లాడడం మానేశారనే చెప్పాలి. ఇంజన్ల దగ్గర మాట్లాడేవారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, అన్నయ్య కుర్చీ చక్రాలకి గ్రీజు రాసి, ఇంక చెయ్యడానికేం లేక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఆ చేతులు చూస్తే నాకు దుఃఖం వచ్చేది. ఊరి ఇంజన్లన్నీ బాగుచేసే మనిషి అలా కూర్చోవడం చూడలేకపోయేదాన్ని.

అలాంటి రోజుల్లో అన్నయ్యకి ఈ బండి పిచ్చి పట్టింది. ఏలూరులో ఇంటర్నెట్ సెంటరు నుంచి నేను కాగితాలు ప్రింటు తీయించి తెచ్చేదాన్ని. వాడు వాటిని ఒళ్లో పరుచుకుని నెలల తరబడి చూసేవాడు. పెళ్లిసంబంధాలకి కూడా అంత వెతుకులాట ఉండదని నాయనమ్మ విసుక్కునేది. వాడి లెక్క వాడికుంది. నేలకి అంటుకుపోయినట్టుండే రేసు కారు పనికిరాదు, గట్టు మీద ట్రాక్టరు గాడిలో పొట్ట ఆనుకుపోతుంది. ఎత్తు చక్రాల మాన్‌స్టర్ ట్రక్కే కావాలి. బ్యాటరీది వద్దు, మా ఊళ్లో కరెంటు ఎప్పుడుంటుందో ఎవరికీ తెలియదు, చార్జింగు అయ్యేలోపు పొద్దుపోతుంది. ఇంజనుదైతే ట్యాంకులో ఇంత పోసి మళ్లీ పంపొచ్చు. పైగా చప్పుడుంటుంది, కిక్కిస పొదల వెనక్కి వెళ్లినా ఎక్కడుందో చెవికి తెలుస్తుంది. "ఇంతకీ ఎందుకురా ఇది?" అని అమ్మ అడిగితే, వాడు చెరువు వంక గడ్డంతో చూపించాడు. "చేతులు బాగున్నప్పుడే గట్టు చుట్టూ ఒక్క రౌండు కొట్టాలమ్మా. ఎవరూ పట్టుకోకూడదు, తొయ్యకూడదు. తూము దగ్గరకెళ్లి మళ్లీ ఇంటికి రావాలి, అంతే" అన్నాడు. అమ్మ తవుడు సంచులు సర్దుకుంటూ లోపలికెళ్లింది. నాకు మాత్రం ఇంకో కారణం కూడా చెప్పాడు, నాన్న ఇంట్లో లేనప్పుడు. "బ్యాటరీ బండికి పాడవడానికేం ఉండదే బుజ్జీ. ఇంజనైతే ఊరికూరికే మొరాయిస్తది. నాన్నకి బాగుచెయ్యడానికి ఏదో ఒకటి ఉండాలి కదా."

బండి కలకత్తా నుంచి వచ్చింది, అదీ చేపల లారీలో. మా వైపు బొచ్చె, శీలావతి చేపలు ఐసు పెట్టెల్లో అటు వెళ్తాయి, ఖాళీ లారీలు తిరిగొస్తాయి. ఒక డ్రైవరు నాన్న మాట కాదనలేక, అక్కడ కొట్టు వెతికి, కొని తెచ్చి పెట్టాడు. ఇంధనం డబ్బాలూ అలాగే వచ్చేవి. పెట్టె విప్పితే లోపల కాగితాలు కూడా చేపల కంపు. మొదటిసారి ఇంజను అందుకున్నప్పుడు తాడు లాగింది నేనే, వాడి చేతికి అంత ఊపు అప్పటికే లేదు. కందిరీగల తుట్టె కదిపినట్టు ఒక్కసారి కీచుమని, వెనక గొట్టంలోంచి తెల్లగా పొగ లేచింది. వసారాలో వత్తులు చేసుకుంటున్న నాయనమ్మ తలెత్తి, "ఎవరే ఆముదం మాడబెట్టింది?" అంది. నిజంగానే ఆ ఇంధనంలో ఆముదం ఉంటుందని అన్నయ్య చదివి చెప్పాడు. నాయనమ్మకి ఆ మాటతో బండి మీద గౌరవం పుట్టుకొచ్చింది. పురిటి పిల్లల మాడుకీ, పెద్దవాళ్ల కీళ్లకీ, దేవుడి ముందు దీపానికీ ఆమెకి తెలిసిన మందు అదొక్కటే. ఇంజనుకి కూడా అదే పోస్తారంటే దాన్ని కనిపెట్టినవాడు ఎవడో తెలివైనవాడే అయ్యుంటాడని తీర్పు చెప్పింది.

అది అనుకున్నంత సులువుగా గట్టు చుట్టలేదు. రేగడి మట్టి చక్రాల గాడుల్లో నిండిపోయి, టైర్లు నున్నగా గుండ్రాళ్లలా తయారయ్యేవి. గూడెం నుంచి మామయ్య వచ్చి, కాల్చిన బ్లేడుతో గాడులు లోతుగా కోశారు. ఎగిరెగిరి పడుతోందని గట్టి స్ప్రింగులు వేశారు, వంగిన ఇరుసుల బదులు స్టీలు కడ్డీలు తిప్పి బిగించారు. ఒకసారి మలుపులో జారి చెరువులో పడిపోయింది. అన్నయ్య కుర్చీలో గింజుకుంటూ అందరినీ తిడుతుంటే నాన్న విసురువల తెచ్చి వేశారు. మూడో విసురుకి బండి పైకొచ్చింది, దానితోపాటు మూరెడు శీలావతి కూడా వచ్చింది. ఆ పూట పులుసు తింటూ అందరం నవ్వుకున్నాం, అన్నయ్య తప్ప. సిగ్నలు అందుకునే పెట్టెలోకి నీళ్లు వెళ్లాయని వాడి బెంగ. దాన్ని ఎండబెట్టి, ఊదే బుడగలో పెట్టి మూతి కట్టాలని ఎక్కడో చదివాడు. తిరనాళ్లలో నాకు కొన్న ఎర్ర బుడగ దానికే బలైపోయింది. ఇవన్నీ చేస్తున్న రోజుల్లో నాన్న ఇంటికి తొందరగా వచ్చేసేవారు. కాళ్లు కడుక్కోవడం కూడా మానేసి, వసారాలో గోనె పరుచుకుని, కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని బండి ముందు కూర్చునేవారు. ఇద్దరూ ఏవేవో స్క్రూల గురించి మాట్లాడుకునేవారు.

ఒక్క విషయం దగ్గరే నాన్నకి మనసు కుదుటపడలేదు. ఆ పొగ. బండి ఎక్కడికి వెళ్లినా వెనక తెల్లటి చార. తన ఇంట్లో ఉన్న ఇంజను, అందులోనూ తన కొడుకు ఇంజను, పొగ వదులుతుంటే ఆయనకి తలకొట్టేసినట్టుండేది. ఒక మధ్యాహ్నం అన్నయ్య కునుకు తీస్తుంటే, నాన్న బండిని గట్టు మీదికి తీసుకెళ్లి, నాచేత తాడు లాగించి, కార్బ్యురేటరు మీద ఇంధనం స్క్రూని కొద్దికొద్దిగా బిగించడం మొదలెట్టారు. బిగించేకొద్దీ పొగ పలచబడింది, చప్పుడు సన్నబడి పదునెక్కింది. ఆఖరికి పొగ పూర్తిగా ఆగిపోయింది. బండి అంతకు ముందెన్నడూ లేనంత జోరుగా ఉరికింది. నాన్న నవ్వారు. విజయవాడ నుంచి వచ్చాక ఆయన అలా మనసారా నవ్వడం నేను చూడటం అదే మొదలు. "ఒరే అబ్బాయ్! లేరా, ఇలా చూడు! ఎక్కడన్నా పొగుందా?" అని వసారా వైపు కేకేశారు. అన్నయ్యకి మెలకువొచ్చింది. నేను వెళ్లి కుర్చీని గడప దాకా తోశాను. వాడు బండి వంక చూశాడు, గొట్టం వంక చూశాడు, తర్వాత నాన్న ముఖం వంక చూశాడు. రిమోటు ఇమ్మని చెయ్యి చాపి, "బలే ఉంది నాన్నా" అని గట్టు మీద ఇటూ అటూ పరిగెత్తించాడు. నాన్న దాని వెనకాలే పంచె ఎగ్గట్టి నడుస్తున్నారు, ముఖం వెలిగిపోతోంది. ఇంకాసేపటికి ఇంజను ఒక్కసారి కిర్రుమని, ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు. పిస్టను పట్టేసింది.

ఈ ఇంజనుకి వేరే నూనె ఉండదు. ఇంధనంలో కలిసి వచ్చే ఆముదమే లోపల తడి, ఆ పొగ కనబడుతున్నంతసేపే దానికి తడి అందుతున్నట్టు. డీజిలు ఇంజను దగ్గర తలపండిన మనిషి గనకే నాన్న ఆ పొరపాటు చేశారు, ఇంజను సంగతి తెలియని వాడైతే ఆ స్క్రూ ముట్టుకునేవాడే కాదు. అన్నయ్య మెల్లగా ఆ సంగతి చెప్పాడు. నాన్న గట్టు మీదే కూలబడిపోయారు. "నా చేత్తో నేనే..." అన్నారు. "పోన్లెండి నాన్నా, ఎలా పాడిందో విన్నారా? దీన్ని చేసినోళ్లు కూడా అలా విని ఉండరు. ఎలాగూ పెద్ద ఇంజను వేద్దామనుకుంటున్నాం కదా" అన్నాడు వాడు. నాన్న లేచి వెళ్లాక నేను అడిగాను, పొగ ఆగితే ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా అని. "తెలుసు." "మరి చూస్తా ఊరుకున్నావేం?" వాడు నా వంక విసుగ్గా చూశాడు. "నాన్న నవ్వుతుంటే ఆపమని ఎలా చెప్పమంటావే?"

పెద్ద ఇంజను మళ్లీ చేపల లారీలోనే వచ్చింది. ఈసారి నాన్న స్క్రూ జోలికి పోలేదు. పొగ సరిగ్గా వస్తోందా లేదా అని వంగి వంగి చూసేవారు, ఎక్కడైనా పలచబడితే కంగారుపడేవారు. దాని జోరుకి ప్లాస్టిక్కు పళ్లచక్రాలు అరిగిపోతే స్టీలువి వేశారు. బండి బలం రోజురోజుకీ పెరిగింది. నేను కాలేజీకి వెళ్తూ వస్తూ ఆ సంబరంలో పడి ఉండేదాన్ని. మధ్యలో అన్నయ్య రిమోటు పాడైందని చెప్పడం మొదలెట్టాడు. వేగానికి చూపుడు వేలితో నొక్కే ట్రిగ్గరు ఉంటుంది, అది బిగుసుకుపోతోందన్నాడు. "తేమకి తుప్పు పట్టుంటది. మామయ్యకిచ్చి స్ప్రింగు మార్చమను. నాన్నకి చెప్పకు, మళ్లీ తనే ఏదో చేశాననుకుంటారు" అన్నాడు. నేను గూడెం తీసుకెళ్లేదాన్ని, మామయ్య మారుస్తే తెచ్చేదాన్ని. కొన్నాళ్లకి మళ్లీ బిగుసుకుపోయిందనేవాడు. చవకరకం రిమోటని దాన్ని చేసినవాణ్ని తిట్టుకుంటూ మళ్లీ బస్సెక్కేదాన్ని.

ఇంక మిగిలిన చిక్కు దూరం. వసారాలోంచి అవతలి మూలకి సిగ్నలు అందేది కాదు, తూము చేరకముందే బండి పిచ్చెక్కినట్టు ఎటో తిరిగేది. పెద్ద యాంటెన్నా తెప్పించాలా, వేరే రిమోటు కొనాలా అని అన్నయ్యా నాన్నా తలలు బద్దలు కొట్టుకుంటుంటే, తవుడు సంచులు ఉతుకుతున్న అమ్మ తలెత్తకుండానే అంది: "చెరువు మధ్యలో కూకుంటే నాలుగు గట్లూ ఒకటే దూరం కదండీ. నేను రోజూ ఉండేది అక్కడేగా." ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఆ మర్నాడు ఎండెక్కకముందే నాన్న అన్నయ్యని ఎత్తుకుని దోనెలో దించారు. తవుడు బస్తాలు రెండు వెనకా పక్కనా ఆనించి, తువ్వాలుతో నడుం కట్టారు. అమ్మ గెడ వేసింది. నేను ముందు కూర్చున్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత వాడు నీళ్ల మీదికి వచ్చాడు. దూరంగా గూడబాతులు గుంపుగా తేలుతున్నాయి. అమ్మ చెరువు నడుమ గెడ గుచ్చి దోనెని ఆపింది. ఒడ్డున నాన్న తాడు లాగి ఇంజను అందుకోబెట్టి, బండిని గట్టు మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. ముట్టుకోనని వాడికి కనబడాలని.

బండి కదిలింది. మొదటి గట్టు ట్రాక్టరు గాడిలోంచి నిటారుగా వెళ్లింది. మలుపు దగ్గర ఆగి, చూసుకుని, తిరిగింది. రెండో గట్టు మీద మట్టి మెత్తన, అయినా ఆ కోసిన టైర్లు పట్టు తప్పలేదు. తెల్లటి పొగ చార నీళ్ల మీదికి జారుతుంటే ఆముదం వాసన మా దాకా వస్తోంది. నాన్న దానితోపాటు నడుస్తున్నారు. తూము దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. ఇంజను ఆగలేదు, అక్కడే గుడగుడమంటూ నిలబడింది. నేను వెనక్కి తిరిగి చూశాను. అన్నయ్య వేలు ట్రిగ్గరు మీద నుంచి జారి ఉంది. నుదుటి నిండా చెమట. "ఏమైందిరా?" అంటే "ఏం లేదు, చూస్తున్నా. చిన్నప్పుడు నేను ఇక్కడే నిలబడి అమ్మకి చేతులూపేవాణ్ని" అన్నాడు. అమ్మ గెడ పట్టుకుని కదలకుండా నిలబడింది. ఒడ్డున నాన్న మా వైపు చూడకుండా కిక్కిస పొదల వైపు తిరిగిపోయారు. ట్యాంకులో ఇంధనం అయిపోతుంది, బండి దారిలో ఆగిపోతుంది, నాన్నకి ఈ సమయంలో పొదల్లో ఏం కనబడిందోనని నాకు ఒళ్లు మండింది. చాలాసేపటికి బండి మళ్లీ కదిలింది. మూడో గట్టు, ఆఖరి గట్టు. మా వసారా ముందుకొచ్చి ఆగేసరికి నాయనమ్మ చప్పట్లు కొడుతోంది. నాన్న పరిగెత్తుకొచ్చి బండిని రెండు చేతులా పైకెత్తారు. కాలిపోతున్న ఇంజను అరచేతికి అంటుకుని బొబ్బలెక్కినా కిందికి దించలేదు.

అన్నయ్య మళ్లీ రౌండు కొడతాననలేదు. ఆ వానల్లో వాడికి జలుబు చేసి ఛాతీలోకి దిగింది. ఏలూరు ఆసుపత్రిలో పెట్టాం. ఇంటికి తీసుకొచ్చింది వాడిని కాదు. పదకొండో రోజున, బంధువులింకా వెళ్లకముందే, నాన్న బండిని అట్టపెట్టెలో పెట్టి వల తాడు కట్టి మామయ్య చేతికిచ్చేశారు. ఆ తర్వాత నాన్న ఇంజన్ల పనికి వెళ్లేవారు గాని, ఎక్కడైనా పొగ కనబడితే దగ్గరికి వెళ్లకుండా కాసేపు అలా చూస్తూ నిలబడేవారట. ఆ చెరువు ఇప్పుడు లేదు, కొల్లేరు సరస్సు హద్దులోకి వచ్చిందని గట్టు కొట్టేశారు. అక్కడంతా గుర్రపు డెక్క అల్లుకుపోయింది. నాయనమ్మ పోయింది, నాన్న పోయారు. నేను వట్లూరులో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ, అమ్మని నా దగ్గరే పెట్టుకున్నాను. మా అపార్ట్‌మెంటు కింద పిల్లలు ఇప్పుడు ఇలాంటి బండ్లే నడుపుతుంటారు. అన్నీ బ్యాటరీవి, చప్పుడుండదు, పొగ అసలే ఉండదు. ఏదైనా ఆగిపోతే పారేసి ఇంకోటి కొంటారు. వాటిని చూస్తే నాకు అసూయా లేదు, ముచ్చటా లేదు. బాగుచెయ్యడానికి ఏమీ లేని వస్తువుతో ఇంట్లో పెద్దవాళ్లు ఏం చేస్తారా అనుకుంటానంతే.

మామయ్య ఇచ్చిన పెట్టెని ఆ సాయంత్రం హాల్లో విప్పాను. బండి మీద ఆముదం జిగురు ఎండి, రేగడి మట్టితో కలిసి తారులా గట్టిపడింది. బుడగ ఎరుపంతా పోయి నల్లబడింది. రిమోటు బయటకి తీసి, అలవాటు లేని చెయ్యి కదా, మామూలుగానే పట్టుకున్నాను. చూపుడు వేలు ట్రిగ్గరు మీద పెట్టానంతే. నేను నొక్కలేదు. వేలి బరువుకే అది చివరంటా వెళ్లిపోయింది. మళ్లీ వదిలి చూశాను, మళ్లీ పెట్టి చూశాను. లోపల వెంట్రుకలాంటి స్ప్రింగేదో ఉంది, ఉందంటే ఉంది. అది బిగుసుకుపోయిన ట్రిగ్గరు కాదు. ఎప్పుడూ బిగుసుకుపోలేదు. బండికి పెద్ద ఇంజనూ స్టీలు చక్రాలూ వేస్తూ మేమంతా సంబరపడుతున్నప్పుడు, బస్సెక్కి వెళ్లిన ప్రతిసారీ నేను మోసుకెళ్లింది వాడి వేలు ఎంత చచ్చుబడిందో ఆ లెక్క. తూము దగ్గర అంతసేపు ఆగినప్పుడు వాడు ఈపాటి దాన్ని కూడా నొక్కలేక, బలం కూడదీసుకుంటున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ల తర్వాత అంత గట్టిగా ఏడుస్తానని నేననుకోలేదు.

అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. నా చేతిలో ఉన్నది చూసి, పక్కనే కింద కూర్చుంది. "వాడు మనందరి దగ్గరా దాచాడే అమ్మా. తుప్పు పట్టిందని చెప్పాడు" అన్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. "మాకు తెలీకపోవడమేంటే? ఆ స్ప్రింగులు ఎక్కడెక్కడివో ఏరి, మెత్తనివి చూసి, నీకంటే ముందే మామయ్యకి పంపింది మీ నాన్నగారే. వాడు అడిగి పంపినప్పుడల్లా, తన షాపులో ఉన్నదే వేస్తున్నట్టు వెయ్యమని మామయ్యకి చెప్పారు. ఆ రోజు గట్టు మీద అటు తిరిగింది కూడా అందుకే. వాడి మీద కళ్లు పెడితే కంగారులో వేలు ఇంకా తడబడుద్దని." "నీకెలా తెలుసు?" అన్నాను. "అన్నం ముద్ద పెట్టేది నేనేగా. నవులుతున్నంతసేపూ చెయ్యి తెచ్చి నా మణికట్టు మీద వేసేవాడు. నెలనెలా ఎంత తేలికైపోతుందో నాకు తెలీదా?"

రిమోటు నా చేతిలోంచి తీసి బండి పక్కన పెట్టింది. తర్వాత నా కుడిచెయ్యి పట్టుకుని తన మణికట్టు మీద వేసుకుని, కదపకుండా కాసేపు అలాగే ఉంచి చూసింది.

"బరువుగానే ఉందిలే" అంది.